ఆగిన బండి కనపడదు

జూన్ 4, సాయంత్రం

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు. గది కళ్ళజోళ్ళ షాపు పైన, మూడో అంతస్తులో. కిటికీ తెరిస్తే నాలుగు రోడ్ల కూడలి అరచేతిలో ఉన్నట్టుంటుంది. స్తంభాల మీద రాడార్ డబ్బాలు బిగించారు. బండి కదిలితే చాలు, లాప్‌టాప్‌లో పచ్చ చుక్క పడుతుంది. ఏ రోడ్డున బళ్ళుంటే దానికి గ్రీన్ ఇవ్వాలని ప్లాన్. ప్రారంభం అయ్యేదాకా పాత టైమరే. నా పని స్క్రీన్ చూడటం, కిటికీలోంచి చూడటం, రెండూ ఒకటేనా అని సరిచూడటం.

గదిలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో నేను. ఇంకోదాంట్లో నా బ్యాగు.

జూన్ 6

అక్క ఫోన్. తిన్నావా, తలుపు గడియ వేసుకున్నావా, ఆఫీసులో ఎవరికైనా చెప్పావా. విడాకుల సంగతి చెప్పడానికి ఇక్కడ ఎవరున్నారు, డబ్బాలకి చెప్పనా అన్నాను. నవ్వుతుందనుకున్నా. ఏడ్చింది. తనని ఓదార్చేసరికి నా అన్నం చల్లారిపోయింది.

జూన్ 9

ఒక్క మనిషి బట్టలకి వాషింగ్ మెషిన్ వేయాలంటే ఏదోలా ఉంది. బకెట్లోనే ఉతికేశా.

జూన్ 12, మధ్యాహ్నం

కూడలి మధ్యలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉంటుంది. యాభై దాటి ఉంటాయి. విజిల్ ఊదిందంటే లారీలు కూడా బుద్ధిగా ఆగుతాయి. మనసులో విజిలమ్మ అని పేరు పెట్టుకున్నా. ఇవాళ తిన్నగా మెట్లెక్కి గదిలోకొచ్చేసింది. రోజూ కిటికీలోంచి నన్నెందుకు చూస్తున్నావ్, పైవాళ్ళు నిఘా పెట్టారా అని నిలదీసింది. స్క్రీన్ చూపించా. చుక్కలు అటూ ఇటూ పరిగెడుతుంటే కాసేపు ముచ్చటపడింది. తర్వాత, అయితే నా నౌకరీకి ఎసరు పెట్టడానికి వచ్చావన్నమాట అంది. కంగారుగా లేచి నిలబడ్డా. తనే పకపకా నవ్వి, నా బ్యాగు తీసి కింద పెట్టి, కుర్చీలో కూలబడి టిఫిన్ బాక్సు విప్పింది. మోకాళ్ళ నొప్పులట. పెడితే పెట్టుకో ఎసరు, నాక్కూడా నీడపట్టున కూర్చోవాలనుంది అంది.

జూన్ 20

రోజూ వస్తోంది. ఆవిడ మాట్లాడుతుంది, నేను వింటా. కోడలితో పడదట. కోడలి తప్పేం లేదట, తన గొంతుదే తప్పట. ఉప్పు అందుకోమన్నా చలాను రాస్తున్నట్టే ఉంటుందట.

ఇవాళ అడక్కుండానే విడాకుల సంగతి చెప్పేశా. అయ్యో అనలేదు. ముద్ద నములుతూ, మీ ఆయనకి వంట వచ్చా అంది. రాదన్నాను. అయితే నీకంటే వాడే ఎక్కువ ఏడుస్తుంటాడులే అంది. పొలమారేంత నవ్వొచ్చింది.

జూన్ 27

ఒకటి పట్టుకున్నా. పక్క సందులోంచి ఒక్క బండే వచ్చి సిగ్నల్ దగ్గర ఆగితే, చుక్క కాసేపు ఉంటుంది. ఈలోగా మెయిన్ రోడ్డు మీద బస్సు అడ్డంగా వెళ్ళిందా, చుక్క మాయం. బండి అక్కడే ఉంటుంది. కదలట్లేదు కాబట్టి రాడార్ దాన్ని మళ్ళీ చూడదు. దాని లెక్కలో సందు ఖాళీ. ప్రారంభం అయ్యాక ఇలాగైతే, వెనకాల ఇంకో బండి వస్తే తప్ప గ్రీన్ పడదు.

హెడ్డాఫీసుకి ఫోన్ చేశా. ఎప్పుడో ఒకసారి జరిగేదానికి అంత కంగారెందుకు మేడమ్, ప్రారంభం అయ్యాక చూద్దాం అన్నారు సారు.

జూన్ 28

విజిలమ్మకి చెప్పా. చెప్పడం వేరు, చెవికెక్కించడం వేరు అంది. మళ్ళీ ఫోన్ చేశా. సారు మీటింగులో ఉన్నారట.

జూలై 7

ప్రారంభోత్సవం. రిబ్బను, మైకు, ఫోటోలు. విజిలమ్మని ఊరి చివర రైల్వే గేటు దగ్గరికి మార్చారు. వెళ్తూ వెళ్తూ పైకి చూసి ఒక్కసారి విజిల్ ఊదింది. ఒక్క బండీ ఆగలేదు.

జూలై 8

కుర్చీలో మళ్ళీ బ్యాగు పెట్టా.

జూలై 10, మధ్యాహ్నం

అన్నం బాక్సు విప్పకుండా ముందు ఇది రాస్తున్నా. రాస్తే కంగారు తగ్గుతుందేమో.

సందులో స్కూటర్ మీద ఒక పెద్దాయన ఆగాడు. వెనక ఎవరూ లేరు. బస్సు వెళ్ళింది. చుక్క పోయింది. ఆయన ఆగాడు, ఆగాడు. ఇంజన్ ఆపాడు. హెల్మెట్ తీసి తల తుడుచుకున్నాడు. సిగ్నల్ పాడైందనుకున్నాడు కాబోలు, మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఎర్ర లైటు మీదే వెళ్ళబోతున్నాడు. ఆయనకి కనపడని వైపు, స్టాపులో ఆగి ఉన్న బస్సు అవతల నుంచి, ఇసుక లారీ గ్రీన్ చూసుకుని దూసుకొస్తోంది.

కిటికీలోంచి అరిచా. ఆ హారన్లలో నా గొంతెంత. లాప్‌టాప్‌లో ఆల్ రెడ్ అని ఒక బటన్ ఉంది, అన్ని వైపులా ఎర్ర లైటు పడుతుంది. సారు అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. నొక్కేశా.

లారీ కీచుమంటూ గీత మీద ఆగింది. పెద్దాయన దాని ముందు నుంచే తాపీగా దాటి వెళ్ళిపోయాడు. వెనక్కి కూడా చూడలేదు. తనకేం గండం తప్పిందో ఆయనకి తెలియదు. నాకు ఒక్కదానికే తెలుసు. సిస్టమ్ మళ్ళీ మొదలయ్యేసరికి కూడలంతా బళ్ళు ఇరుక్కుపోయి, అందరూ ఎవరినో తిడుతున్నారు. ఆ ఎవరో నేనే.

అదే రోజు, సాయంత్రం

సారు ఫోన్. వారం కూడా తిరక్కుండా పరువు తీశారు, ఎవరి కోసం ఆపారు అన్నారు. చెప్పా. రికార్డింగ్ చూశాను మేడమ్, ఆ టైములో సందులో ఎవరూ లేరు అన్నారు. అదే కదా సార్ నేను మొత్తుకుంటున్నది అన్నాను. రేపు వస్తున్నా, మీరు ఈలోగా ఇంకో ఉద్యోగం చూసుకుంటే మంచిది అని పెట్టేశారు.

అక్కకి చేయబోయి మానేశా. ఏడుస్తుంది. విజిలమ్మకి చేశా. అంతా విని, రేపు నాకు ఆఫ్, స్కూటీ వేసుకొస్తా అంది.

జూలై 11

సారుని కిటికీ పక్కన కూర్చోబెట్టా. విజిలమ్మ యూనిఫాం లేకుండా, పూల చీరలో, స్కూటీ మీద సందులోంచి వచ్చి ఆగింది. చుక్క పడింది. కనపడుతోందిగా అన్నారు సారు. బస్సు వెళ్ళింది. చుక్క పోయింది. మెయిన్ రోడ్డుకి గ్రీన్ అలాగే ఉంది. సారు స్క్రీన్ చూశారు, కిటికీ చూశారు, మళ్ళీ స్క్రీన్ చూశారు. ఎండ మాడ్చేస్తోంది. ఇంకెంతసేపు నాయనా, మోకాళ్ళు పట్టేస్తున్నాయి అని కింద నుంచి విజిలమ్మ కేకేసింది. మూడో అంతస్తు దాకా ఖంగుమంది.

ఎవరావిడ అన్నారు సారు.

సందులో ఎవరూ లేరు సార్ అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. సారు మొహం కందిపోయింది. పాత టైమర్‌కి మార్చెయ్యండి అన్నారు. మెల్లగా. మేడమ్ అనడం మర్చిపోయి, అమ్మా అన్నారు.

జూలై 19

రాడార్లు విప్పి తీసుకెళ్ళారు. బాగుచేయడానికి నెలలు పడతాయట. విజిలమ్మ మళ్ళీ కూడలికొచ్చింది. ఇక్కడ నాకు పని లేదు కాబట్టి వేరే ఊరి ప్రాజెక్టుకి వేశారు. పీకేస్తారనుకుంటే బదిలీతో సరిపెట్టారు, సంతోషించాలి. సంతోషం మాత్రం రావట్లేదు.

పోయిరా, నువ్వు ఫోన్ చెయ్యకపోతే నేనే చేస్తా, మీ వీధి వీధంతా వింటుంది అంది విజిలమ్మ. మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. మోకాళ్ళ కోసమే అనుకున్నా. కిందికి దిగాక కూడా వదల్లేదు.

ఆగస్టు 2

కొత్త ఊరు, కొత్త కూడలి. ఇక్కడి కానిస్టేబుల్‌ది కోరమీసం. మధ్యాహ్నం కిందికి దిగి, భోంచేశారా అని నేనే ముందు పలకరించా. విజిల్ నోట్లోంచి తీయకుండానే, దారికి అడ్డం లెమ్మని చేత్తో సైగ చేశాడు.

రేపు మళ్ళీ వెళ్తా.