పదిహేను డిగ్రీలకు కింద

నవంబర్ 18, మంగళవారం

ఇల్లు వేడిచేసే బాయిలర్‌కు కొత్త టైమర్ బిగించడానికి హౌసింగ్ ఆఫీసు వాళ్ళు కెల్విన్ అనే మనిషిని పంపారు. బూట్లకు నీలం సంచులు తొడుక్కుని వచ్చాడు, మర్యాదస్తుడే. అల్మారాలో నా పాత టైమర్ చూసి, ఏంటి పెద్దమ్మా, దీన్ని మ్యూజియంలోంచి కొట్టుకొచ్చావా అన్నాడు. నువ్వు పుట్టకముందు నుంచీ అది పనిచేస్తోంది నాయనా, నువ్వింకా పని మొదలే పెట్టలేదు అన్నాను. పగలబడి నవ్వాడు.

పాతది గుండ్రటి చక్రం, చుట్టూ మేకులు. మేకు నొక్కితే బాయిలర్ వెలిగేది, లాగితే ఆరేది. ఇప్పుడు దాని చోట ఇంట్లో ఎన్ని డిగ్రీలో చూపించే తెల్ల డబ్బా. ఇంటి వేడికి ఒక బటన్, వేడినీళ్ళకు ఒక బటన్. వారంలో ఏ రోజుకారోజు వేరే టైమ్ పెట్టుకోవచ్చట. నాకన్ని రోజులూ ఒకటే అన్నాను. దానికి మాత్రం అతను నవ్వలేదు.

వెళ్తూ వెళ్తూ అసలు సంగతి చెప్పాడు. ఒక రోజంతా ఇల్లు పదిహేను డిగ్రీలకు కింద ఉంటే డబ్బాయే ఆఫీసుకు కబురు పంపుతుందట. ముసలాళ్ళు చలికి కొయ్యబారిపోకుండానట. ముసలాళ్ళట! నా ఇంట్లో నేను వణికితే వాళ్ళకేం నొప్పి?

నవంబర్ 19

డబ్బా ఆఫ్ చేశాను. రెండు కార్డిగన్లు వేసుకున్నాను. ఏం చేస్తారో చూద్దాం.

నవంబర్ 21

ఫోన్ మోగింది. ఎవరో పోయారనుకున్నాను. ఆఫీసు నుంచి టామ్‌సిన్ అనే అమ్మాయి. అంతా బాగానే ఉందా మిస్ ప్రెంటిస్, మీ ఇల్లు మరీ చల్లబడిందేంటి అంది. తిట్టడానికి నోరు తెరిచి, బటన్లు అర్థం కాలేదమ్మా అన్నాను. ఒక్కొక్కటీ ఓపిగ్గా చెప్పింది. మధ్యాహ్నం ఏం తిన్నారు అంది. టోస్ట్ మీద బీన్స్ అన్నాను. అదీ ఒక తిండేనా, మా నాన్నమ్మ వింటే మీ చెవి మెలేసేది అంది. నా చెవి మెలేసేవాళ్ళు పోయి చాలా కాలమైంది అన్నాను. ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేసరికి టీ చల్లారిపోయింది.

ఎప్పుడైనా ఫోన్ చేయండి అంది. ఊరికే ఎలా చేస్తారు, పనేదో ఉండాలిగా?

నవంబర్ 30

ఈ రోజు నేను మాట్లాడిన మాటలు: సంచి వద్దు. షాపులో అమ్మాయితో.

డిసెంబర్ 3

మళ్ళీ ఆఫ్ చేశాను. ఈసారి కోపంతో కాదు. ఆ పిల్ల గొంతు వినాలని ఉంది. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ ఇది చదివేదెవరు?

డిసెంబర్ 5, సాయంత్రం

ఫోన్ కాదు, టామ్‌సినే స్వయంగా వచ్చింది! ఎర్ర కోటు, కోటుకంటే ఎర్రగా ముక్కు. గడపలోనే, ఓరి నాయనో, ఇది ఇల్లా, చేపల గోడౌనా అంది. మా గ్రిమ్స్‌బీ చేపల రేవులో ఆ రెంటికీ పెద్ద తేడా లేదులే అన్నాను. తనే బటన్లు నొక్కింది, తనే టీ పెట్టింది. నేను ఎండుపళ్ళు వేసిన ప్లమ్ బ్రెడ్ కోసి, మా వైపు అలవాటు ప్రకారం మీద చీజ్ పెట్టి ఇచ్చాను. ఇంగ్లండ్ దక్షిణాది పిల్ల కదా, తీపి రొట్టె మీద చీజా, ఇదేం పైత్యమండీ అంది. మూడు ముక్కలు లాగించింది. వాళ్ళ బాయ్‌ఫ్రెండ్ గిన్నెలు కడగడట. వదిలెయ్ వాణ్ణి అన్నాను. జన్మంతా బడి వంటింట్లో గిన్నెలు తోమినదాన్ని, ఆ మాత్రం సలహా చెప్పలేనా?

వెళ్తూ, మళ్ళీ రమ్మంటారా అని అడిగింది. నా నోటికేం తెగులో! నీకెందుకమ్మా శ్రమ, నాకేం, గుండ్రాయిలా ఉన్నాను అన్నాను. మా అమ్మ నేర్పిన మాట అది. ఒకరికి భారం కాకూడదని ఈ ఊళ్ళో అమ్మలందరూ అదే నేర్పారు. సరే అయితే అని వెళ్ళిపోయింది. నిజమే అనుకుంది పిచ్చిపిల్ల.

డిసెంబర్ 25

క్రిస్మస్ క్రాకర్ అనే కాగితం గొట్టాన్ని లాగాలంటే చెరో కొస పట్టడానికి ఇద్దరుండాలి. ఒక కొస సొరుగులో ఇరికించి లాగాను. పేలింది. అందులోంచి పడ్డ కాగితం కిరీటం పెట్టుకుని భోంచేశాను.

జనవరి 7

ఆఫ్ చేశాను. దగ్గు వస్తోంది, కాళ్ళు మొద్దుబారాయి. ప్లమ్ బ్రెడ్ కొని ఉంచాను.

జనవరి 9

టామ్‌సిన్ ఫోన్ చేసింది. గొంతులో ఎంత సంబరమో! మీకోసం మా పైవాళ్ళతో దెబ్బలాడాను తెలుసా అంది. ఇకమీదట నేను ఆఫ్ చేసినా, మరిచిపోయినా, ఇల్లు చల్లబడగానే బాయిలర్ దానంతటదే వెలుగుతుందట. వెలిగినా ఇల్లు వేడెక్కకపోతేనే ఆఫీసుకు కబురట. ఇక మీకు నా గోల ఉండదు అంది.

చాలా మంచి పని చేశావమ్మా అన్నాను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగొచ్చు కదా! నా గోల నీకుండాలి, నీ గోల నాకుండాలి అనొచ్చు కదా! ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఇల్లు అప్పటికే వెచ్చబడింది.

జనవరి 20

ఆఫ్ నొక్కాను. కాసేపటికి వెలిగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ వెలిగింది. నాకంటే మొండిది.

జనవరి 27

ఆఫీసు నంబర్ నొక్కాను, చివరి అంకె తప్ప. ఏమని చెప్పను? ఇల్లు హాయిగా ఉందనా?

ఫిబ్రవరి 3, ఉదయం

మంచు పడుతోంది. సముద్రం మీంచి గాలి. కిటికీలన్నీ తెరిచాను, వీధి తలుపు కూడా. కోటు వేసుకుని, డబ్బా మీది అంకెలు కనబడేలా అల్మారా తలుపు తీసి, ఫోన్ దగ్గర కూర్చున్నాను. పాపం బాయిలర్ ఆయాసపడుతోంది.

పదహారు.

పదిహేనున్నర.