మెడ బొమ్మ తమ్ముడికి, దేహం విద్యార్థులకు

వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నేను, మోకాళ్ళు మొరాయిస్తున్నా బుర్ర నిక్షేపంగా పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా ఇష్టపూర్వకంగా రాసి ఉంచిన వీలునామా ఇది. దీన్ని అమలుపరిచే బాధ్యత మరదలిది. తమ్ముడికి అప్పగిస్తే ప్రతి వాక్యానికీ నాతో వాదన పెట్టుకుంటాడు, నేను లేకపోయినా సరే.

1. నేనుంటున్న ఇల్లు, సామానుతో సహా, నా తదనంతరం మరదలికి సర్వహక్కులతో చెందుతుంది.

2. నల్లబల్ల, రంగు సుద్దముక్కల పెట్టెలు నా శిష్యురాలు, ఇప్పుడు పేరున్న సర్జన్ అయిన 'రబ్బరు'కు చెందుతాయి. గీసినదానికన్నా చెరిపింది ఎక్కువ కాబట్టి తరగతిలో ఆ పేరు పడింది. పరీక్ష తప్పి, సామాను సర్దుకుని నా గదికొచ్చి, "నాకేవీ గుర్తుండవు మేడమ్, వెళ్ళిపోతాను" అంది. వెళ్ళేముందు ఒక రోగిని చూసి వెళ్ళమని వార్డుకు తీసుకెళ్ళాను. ఆయన టైలరు. కుర్చీ వీపు మీదుగా చెయ్యి వేలాడేసి నిద్రపోయి లేచేసరికి మణికట్టు పైకి లేవడం లేదు. ఆయన్ను అడిగి, ఆ చేతిమీదే భుజం నుంచి వేళ్ళదాకా నరం దారి గీయించాను. నరం ఎముకను చుట్టుకునే చోట ఆమె పెన్ను ఆగింది. "ఇక్కడే కదా మేడమ్ నలిగింది?" అంది. కొన్ని వారాలకు టైలరు చెయ్యి లేచింది. ఈలోపే ఆమె సర్దిన సామాను విప్పేసింది.

3. మెడ బొమ్మ, ఫ్రేముతో సహా, పాటల మాస్టారైన మా తమ్ముడికి. నా తరగతిని వాడు నలుగురిలో 'బొమ్మల బడి' అన్న సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోను. తర్వాత వాడి మెడలోనే గడ్డ తేలింది. గొంతును పలికించే నరం దానికి అతుక్కునే ఉంది. ఆపరేషన్ చేసింది రబ్బరే. ముందురోజు వాడి మంచం పక్కన కూర్చుని, నరం ఎక్కడుందో, తను ఎక్కడ కత్తి పెట్టదో గీసి చూపింది. మత్తు దిగాక వాడన్న మొదటి మాట: "అక్కా, బొమ్మ బాగానే గీసిందే." ఆ కాగితమే ఇది. వచ్చినవాళ్ళకు కనబడేలా హాల్లో తగిలించవలెను.

4. నా సుద్దపొడి తన కాఫీలో పడుతోందని ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేసిన పక్కగది ప్రొఫెసరుగారికి మూత ఉన్న గ్లాసు ఒకటి. కొత్తదే.

5. నా దేహం కళాశాలకు. ఈ మాట చెప్పినప్పుడు తమ్ముడు, "నిన్ను కోస్తారక్కా, నేనొప్పుకోను" అని లేచి వెళ్ళిపోయాడు. చాలారోజులు రాలేదు. వచ్చాక, "అక్కడ చలిగా ఉంటుందా?" అని అడిగాడు. ఉంటుందన్నాను. "నీకు చలి పడదుగా" అన్నాడు. అప్పటికి ఏం కాదులేరా అన్నాను. పెన్ను అడిగి తీసుకుని, అంగీకారపత్రం మీద సంతకం పెట్టాడు.

6. కత్తి పట్టేముందు విద్యార్థులు నన్ను గీయాలి. నా ఎడమ చిటికెన వేలు పూర్తిగా చాపడానికి రాదు, పొట్టమీద పాత కుట్ల గీత ఉంది. ఎందుకో ముందే చెప్పొద్దు. చూసి, గీసి, ఈమెకు ఏం జరిగి ఉంటుందో వాళ్ళనే చెప్పనివ్వండి. తప్పు చెబితే ఎవరూ నవ్వకండి, మళ్ళీ చూడమనండి. నాకేం తొందర ఉండదు.

తేదీ: జూన్ పన్నెండు, గురువారం

(సంతకం)
అనాటమీ మేడమ్

సాక్షులు:
1. వీధి చివర మందుల షాపు యజమాని
2. కింది వాటాలో ఉంటున్న రిటైర్డ్ హెడ్ నర్సు