ఇసుక మీద కొర్రలు

1933 జనవరి 1, పెనుకొండ

మిషన్ దొరసాని ఈ డైరీ ఇచ్చింది. పోయినేడు ఇచ్చిన బైబిలు మీద నేను బెల్లంపాకం ఒలకబోసిన సంగతి ఆమె మరిచిపోలేదు. ఇది పాడైనా ఫరవాలేదనుకుంది కాబోలు. నాలుగో క్లాసు చదివినవాణ్ణి, రాస్తాను. చదివేవాడు ఎవడూ లేడు గనక అబద్ధాలతో పనిలేదు.

బాప్తిస్మంలో తిమోతి. పిలుపులో తిమ్మప్ప. ఉద్యోగం ఈ యువజన శిక్షణాలయంలో వంట. దేశం మొత్తానికి మా మిషన్‌కు ఇటువంటివి నాలుగే ఉన్నాయి. సంఘాలనుంచి పడుచువాళ్లను ఏరి తెచ్చి, ఏడాదిన్నర ఉంచుకుని, లీడర్లను చేసి పంపుతారు. మీటింగు ఎట్లా నడపాలి, కలరా వస్తే ఏం చేయాలి, పదిమంది ముందు కాళ్లు వణక్కుండా ఎట్లా నిలబడాలి, అన్నీ నేర్పుతారు. బెంగాలీ పిల్లగాడికి కొర్రన్నం మింగడం నేర్పింది మాత్రం నేనే.

కొత్త సంవత్సరానికి శుభారంభం: పాస్టరు నాగన్నగారి పట్టు గొడుగులో దోసెడు ఊక పోశాను. దొర సీమనుంచి తెచ్చి ఇచ్చిన గొడుగు అది. ఎండకు పడితే రంగు పోతుందని, వానకు మాత్రమేనని మేకుకు తగిలించి పెట్టుకున్నాడు. మూడేళ్లుగా వాన మొగం చూడలేదు ఈ నేల. ఎప్పుడో ఒకరోజు పడకపోతుందా. ఆరోజు ఆయన గొడుగు తెరుస్తాడు. నాకు తొందర లేదు.

జనవరి 22

ఆరాధన అయినాక దొర లేచి నిలబడ్డాడు. సీమలో బ్యాంకులు మునిగాయట, చందాలు సగానికి పడ్డాయట. నాలుగు శిక్షణాలయాల్లో రెండింటికే గ్రాంటు. ఏ రెండో నాగపూరునుంచి సెక్రటరీ వచ్చి చూసి తేలుస్తాడు. చెబుతూ దొర కళ్లద్దాలు తుడిచాడు. తుడిచిన అద్దాలే మళ్లీ తుడిచాడు.

నీలావతి వంటింట్లోకి వచ్చి గడప మీద కూర్చుంది. ధర్మవరం పిల్ల. తల్లి తిప్పమ్మ నేతగాళ్ల ఇంట్లో పట్టుదారం కండెలకు చుడుతుంది. ఈ పిల్లా చిన్నప్పటినుంచి అదే పని చేసింది, దారం కోసిన గీతలు వేళ్ల మీద ఇప్పటికీ ఉన్నాయి. జూన్‌లో పరీక్ష. సర్టిఫికెట్టు చేతికొస్తే గుడిబండలో మావాళ్లుండే పాలెంలో పెట్టబోయే బడికి ఆమే పంతులమ్మ. మూసేస్తే నేను మల్లా కండెల కాడికే పోవల్లనా మామా అని అడిగింది. నేను పొయ్యి ఆర్పితే కదా వాళ్లు మూసేది అన్నాను.

నవ్వలేదు. నా జోకుకు నవ్వకపోతే నాకు భయమేస్తుంది.

ఫిబ్రవరి 3

తోచింది! కుంటెద్దుకు దాణా ఎవడు పెడతాడు? దున్నే ఎద్దుకే పెడతాడు. సెక్రటరీ కంటికి మా సంఘాలు దున్నే ఎద్దుల్లాగా కనబడాలి.

మా ఆడవాళ్లకు పిడికెడు కుండ ఉంటుంది. ఎసట్లో గింజలు పోసేముందు ఒక పిడికెడు తీసి దేవునికని పొయ్యి పక్క కుండలో వేస్తారు. ఆదివారం తెచ్చి గుళ్లో కుమ్మరిస్తారు. ఈ కరువులో ఆ కుండల్లో అడుగు కూడా మునగడం లేదు. పిడికిళ్లు చిన్నవైపోయాయి.

వంకలో ఇసుకకు కరువు లేదు కదా.

ఫిబ్రవరి 10

హిందూపురం, ధర్మవరం, పెనుకొండ, మూడు ఊళ్ల కుండలూ గుడి వసారాలోకి చేరాయి. కంఠందాకా ఇసుక, పైన బెత్తెడు మందాన కొర్రలు. చౌడక్క, ఇదే ఊరి పాలెం పెద్దమ్మ, దేవుని కుండలో ఇసుక పోస్తాండావే, కండ్లు పోతాయి నీకు అనింది. ఆయప్ప మనిషిని చేసిందే మన్నుతో, ఇసుకకు కోపం తెచ్చుకోడులే అన్నాను. అంతే, ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. హిందూపురం పుట్టమ్మకు నవ్వి నవ్వి ఎక్కిళ్లు వచ్చాయి. ఆమె తన కుండకు తనే ఇసుక పోసుకుంది, ఇంకా మంచిగా ఉండల్ల అని పైన నాలుగు కందిగింజలు కూడా చల్లింది.

ఇంత నవ్వు ఈ వసారాలో విని ఎన్నాళ్లయిందో.

ఫిబ్రవరి 12, ఆదివారం

సెక్రటరీ వచ్చాడు. కొంగలాంటి మనిషి. కుండల వరస చూసి ఆగిపోయాడు. పుట్టమ్మ కుండలో చెయ్యి పెట్టాడు. వేళ్లు మునిగేంతవరకే పెట్టి, గింజలు ఎత్తి, జారవిడిచాడు. ఆయన కళ్లలో నీళ్లు. కరువులోనూ వీళ్లు ఇంత ఇస్తున్నారా అని దొరతో అన్నాడట. నీలావతి కుండల ముందు నిలబడి ఇంగ్లీషులో స్పీచి ఇచ్చింది. కాళ్లు వణకలేదు. తర్వాత ఫోటో తీశారు.

రాత్రి వంటకు పాయసం పెట్టాను, ఉన్న బెల్లమంతా వేసి.

ఫిబ్రవరి 13

కుండలు సర్దుతూ నీలావతి ఒకటి ఎత్తింది. కొర్రకుండ ఎంత బరువుండాలో పాలెం పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. దీని ముందరనే కదా మామా నేను నిలబడి మాట్లాడింది అనింది. దించి వెళ్లిపోయింది.

మార్చి 19, ఆదివారం

తీర్మానం వచ్చింది. పాస్టరు చదివి వినిపించాడు. పెనుకొండ ప్రాంతపు సంఘాలు తమ కాళ్ల మీద తాము నిలబడగలవని సెక్రటరీ స్వయంగా చూశాడు గనక, ఈ శిక్షణాలయానికి గ్రాంటు ఈ నెలతో ఆపేస్తారు. ఆ డబ్బు ఉత్తరాన ఉన్న ఒక బలహీనమైన శిక్షణాలయానికి పోతుంది. దీన్ని ఇకమీద ఇక్కడి సంఘాలే పిడికెడు కుండలతో నడుపుకొని దేశానికి ఆదర్శం కావాలి. పత్రికలో మా ఫోటో. ఇసుక బాగా పడింది, ఒక్క రేణువు కూడా కనబడలేదు.

దాణా కుంటెద్దుకే పెట్టారు.

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

మార్చి 21

పాస్టరుకు చెప్పేశాను. గొడుగు మేకు కింద కూర్చుని విన్నాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడినా బాగుండేది. అచ్చయిపోయింది కదా తిమ్మప్పా, ఇప్పుడు అది ఇసుక అంటే మూడు ఊళ్ల సంఘాలూ దొంగలవుతాయి, రేపు బడులూ పోతాయి, ఆస్పత్రీ పోతాది అన్నాడు. మళ్లీ తనే, జూన్ పరీక్షదాకా ఎట్లనో నెట్టుకొద్దాం, కుండలు నిండల్ల, నిజంగా నిండల్ల అన్నాడు.

దొర ఉద్యోగం కూడా పోయింది. ఓడ టిక్కెట్టు వచ్చిందట.

మార్చి 27

పై ప్రాంతాల పిల్లలందరినీ రైలెక్కించాము. బెంగాలీ పిల్లగాడు నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. వాడి జేబులో బతికున్న తొండను వేద్దామని పట్టి ఉంచాను. వదిలేశాను.

మిగిలింది మన జిల్లా పిల్లలు, నలుగురు.

ఏప్రిల్ 16, ఈస్టరు

మొదటి కుండలు వచ్చాయి. చౌడక్కది కంఠందాకా ఉంది. సంతోషపడి చెయ్యి పెట్టాను. పైన బెత్తెడు కొర్రలు. కింద ఇసుక.

పక్కదీ అంతే. ఆ పక్కదీ.

చౌడక్క వసారాలో నిలబడి నన్నే చూస్తోంది. నువ్వే కదప్పా నేర్పించింది అనింది. ఈసారి నవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు.

జల్లించాను, గాలించాను. ఎంత గాలించినా అన్నంలో ఇసుక తగులుతూనే ఉంది. ఈస్టరు భోజనం చేస్తుంటే గదంతా పళ్ల చప్పుడు.

మే 9

లీడరు ట్రెయినింగు అంటే ఇప్పుడు జోలె పట్టడం. పాఠం పొద్దున, జోలె ఎండలో. నీలావతి వంతుకు హిందూపురం పాలేలు వచ్చాయి. ఈరోజు నేనూ వెంట వెళ్లాను. పుట్టమ్మ గడపలోనే అడ్డం నిలబడింది. దుడ్లూ లేవు, గింజలూ లేవు, పిల్లోళ్లు తుమ్మబంక నమలతాండారు, మమ్మల్నడిగేకి నీకు నోరెట్లొచ్చె లీడరమ్మా, జోలె పట్టేకేనా ఇంగ్లీషు నేర్చింది అనింది. నీలావతి తలొంచుకుని వింది. పుట్టమ్మ నా వైపు తిరిగి, నీ ఇసుక ఇంట్లో ఉండాది, కావల్నా అనింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో నీలావతి, ఆయమ్మ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు మామా అనింది. ఖాళీ జోలె ఆమె భుజం మీదినుంచి తీసి నా భుజాన వేసుకున్నాను.

మే 30

నలుగురిలో ముగ్గురు వెళ్లిపోయారు. చెప్పకుండానే.

జూన్ 10

నీలావతి పొద్దున పాఠం చదువుతూ పడిపోయింది. గంజి పట్టాను. లేచి మళ్లీ చదివింది. పరీక్ష 24న.

జూన్ 14, ధర్మవరం స్టేషను, మధ్యాహ్నం

గింజలు నిండుకున్నాయి. ఇక ఎవర్ని అడగాలో తెలియక నీలావతి తల్లి తిప్పమ్మ దగ్గరికే వచ్చాను. కండె చుడుతూ కూర్చుంది. నన్ను చూడగానే బిడ్డ ఎట్లుండాది అన్నా అనింది. బాగుందన్నాను. నీ మొగం అట్లా చెప్పడంలేదే అనింది.

చుట్టడం ఆపకుండానే తలతో మూల చూపించింది. ఒక కుండ, మూతికి గుడ్డ కట్టి ఉంది. ఎత్తాను. ఇసుక బరువు కాదు. విప్పాను. గింజలకు బూడిద అంటుకుని ఉంది.

పురుగు పట్టకుండా బూడిద కలిపి దాచేది తినే గింజలు కావు. విత్తనాలు. ఊరవతల తిప్పమ్మకు ఒక ముక్క చేనుంది. మొదటి వానకు విత్తుతుంది. పండితే ఏడాదికి తిండి.

ఏం తిప్పమ్మా ఇవి అన్నాను. తెలిసింది కదా, మల్లెందుకు అడిగేది, కట్టెయ్ అనింది. వానొస్తే ఏం విత్తుతావు అన్నాను. మూడేండ్లనుంచి రాని వాన నీకోసరం వస్తాదా అనింది. పరీచ్చదాకా ఇవి చాలునా అని అడిగింది. పలచగా కాస్తే చాలుతాయన్నాను. అయితే దానికి చెప్పొద్దు, చెప్తే ముద్ద ముట్టదు, నీ బైబిలు మీద ఒట్టు పెట్టు అనింది. నా బైబిలు మీద బెల్లం మరక ఉందని నోటిదాకా వచ్చింది. ఒట్టు పెట్టాను.

కుండ ఒళ్లో పెట్టుకుని బండి కోసం కూర్చున్నాను. వెనక్కి వెళ్లి ఇచ్చేయవచ్చు. ఆకాశం చూశాను. మబ్బు తునక కూడా లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఉట్టి ఆకాశం చూసి హమ్మయ్య అనుకున్నవాడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

జూన్ 15

గింజలు వేరే పాత్రలో పోసి, నీలావతి గుర్తుపట్టకుండా కుండ అటక మీదికి ఎక్కించాను. నీళ్లు తేటపడేదాకా గింజలు కడిగాను. నీలావతి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. ఇసుక లేదే మామా అనింది. నవ్వింది. జనవరి తర్వాత ఇదే మొదటిసారి.

ఎవరి కుండ అని అడిగింది. హిందూపురం పుట్టమ్మది, మనసు మారింది అన్నాను. నేను ఆయమ్మ కోసరం దినామూ ప్రార్థన చేస్తాంటి, పరీచ్చ కాగానే పోయి దండం పెట్టి వస్తా అనింది.

నా అబద్ధాల్లో ఇంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు.

జూన్ 24

పరీక్ష రాసింది. వచ్చిన ఎగ్జామినరు అప్పటికప్పుడే దిద్ది, పాసని చెప్పాడు. బాగా రాసిందని రెండుసార్లు అన్నాడు. సర్టిఫికెట్టు మీద దొర సంతకం ముందే ఉంది, పేరు రాసి ఇచ్చాడు.

తర్వాత, గుడిబండ బడి ఈ ఏడాది పెట్టడంలేదన్నాడు. అది కూడా ఆ గ్రాంటులోదేనట. నీలావతి థాంక్యూ సార్ అనింది. ట్రెయినింగు.

గింజలు రేపటితో సరి. జులై ఒకటిన తలుపులకు తాళం. ఆ పిల్ల ఆ సాయంత్రం బండికి ధర్మవరం పోతుంది.

జులై 1

వాన. తెల్లవారకముందే మొదలైంది, ఆగలేదు.

పాస్టరు మేకునుంచి పట్టు గొడుగు దించి, వసారాలోకి వచ్చి తెరిచాడు. ఊక ఆయన నెత్తిన, భుజాల మీద పడింది. దులుపుకోలేదు. అట్లాగే వానలోకి దిగి వెళ్లాడు.

నీలావతి మూట పక్కన పెట్టుకుని గడపలో నిలబడింది. విత్తేకి మంచి పదును మామా, అమ్మ ఈపాటికి విత్తనాల కుండ దించింటాది అనింది.

నేను పొయ్యిలో బూడిద ఎత్తుతున్నాను.