ఆరోగ్యవంతుల వరసలో నా రక్తం

ప్రియమైన అక్కకు,

నీ పిడుగు చెల్లెలు ప్రేమతో రాస్తున్నది. ఇంట్లో వాళ్లంతా కులాసా. మీ మరిదికి దగ్గు తగ్గింది గానీ సణుగుడు తగ్గలేదు. నువ్వు కుట్టి పంపిన గౌనును మా అమ్మాయి ఒంటిమీంచి తియ్యనివ్వడం లేదు. వాచిన ఆ వేళ్లతో అంత సన్నని కుట్టు ఎలా వేశావక్కా?

వేళకు తింటున్నానా అని అడిగావు, తింటున్నాను. నా రాత కోడిగీతల్లా అయిందేమిటని ఎగతాళి చేశావు. దాని సంగతి తర్వాత చెబుతాను. మా ల్యాబులో చూస్తున్న ఆ కీళ్ల మాత్ర నీదాకా ఎప్పుడొస్తుందన్నావు. దానికి జవాబివ్వలేకే ఇన్నాళ్లూ నీళ్లు నమిలాను.

నీ కీళ్లెందుకు వాస్తాయో ఒకసారి చెప్పాను కదా. మనల్ని కాపాడాల్సిన రక్తకణాలు, శత్రువు లేకపోయినా చక్కెరను ఆబగా మండించుకుని, ఆ బలంతో మన కీళ్లమీదే పడతాయి. "పనీపాటా లేని చుట్టాల్లా తిని నామీదే పడుతున్నాయన్నమాట!" అని నవ్వావు. ఆ మంటను తగ్గించే మందునే మా ల్యాబులో పరీక్షిస్తున్నాం.

రోగుల కణాలతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. మాది చిన్న ల్యాబు, పనిచేసేవాళ్లమే చేయి చాపుతాం. పెద్ద డాక్టరుగారికి షుగరుంది, ఆయన రక్తం పనికిరాదు. తోటి టెక్నీషియనుకు సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి. దాంతో ప్రతిసారీ నాదే. చివరికి రోగుల కణాలకూ నా కణాలకూ తేడాయే కనిపించలేదు. "రోగుల్లో వేరే మంటే లేనప్పుడు ఆర్పేదేముందమ్మా?" అని డాక్టరుగారు పని ఆపేశారు. నీలాంటివాళ్లకు మాత్ర ఇచ్చి చూద్దామనుకున్నదీ అక్కడే ఆగిపోయింది.

మొన్న కణాల మంటను కొలిచే మిషను సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి టెక్నీషియను కళ్లు గట్టిగా మూసుకుని తన రక్తం ఇచ్చాడు. అతని కణాలు నిమ్మళంగా ఉన్నాయి. నావి రోగుల సరసన నిలబడ్డాయి.

మిషను తప్పేం లేదక్కా. చాలాకాలంగా పొద్దున్నే నా వేళ్లు ముడుచుకోవడం లేదు. సీసా మూత తియ్యడానికి కూడా మీ మరిదిని పిలుస్తున్నాను. నువ్వు ఎగతాళి చేసిన కోడిగీతలూ ఈ వేళ్లవే. పని ఎక్కువై వచ్చిన నొప్పి అని సరిపెట్టుకున్నాను. నీ చేతులు చూస్తూ పెరిగినదాన్ని, నాకు తెలియదా? భయపడ్డాను. "ఏ జబ్బూ లేదు" అని చెప్పి ప్రతిసారీ చేయి చాపాను. నా పిరికితనంవల్ల నువ్వు మందుకోసం ఎదురుచూస్తూ కూర్చున్నావు.

నిన్న డాక్టరుగారికి అంతా చెప్పేశాను. ఆయన పాత లెక్కల కాగితాలన్నీ పక్కకు నెట్టారు. తర్వాత, "మళ్లీ మొదట్నుంచి చేద్దాం. ముందు నువ్వు వెళ్లి చూపించుకో" అన్నారు. ఆ మందు పనిచేస్తుందో లేదో ఇప్పటికీ తెలియదు. తెలియాల్సిన రోజును వెనక్కి నెట్టింది మాత్రం నేనే. నన్ను తిట్టు, కానీ జవాబు రాయడం మానకు.

పొద్దున్నే నువ్వు చేతులు ముంచుకునే నీళ్లు ఎంత వేడిగా ఉండాలో, కత్తెర పట్టేముందు ఎంతసేపు ఉంచాలో కూడా రాయి. కణాల గురించి నీకు నేను చెప్పాను. ఇది నువ్వు చెప్పాలి.

ఇట్లు,
నీ చేతుల పోలికే వచ్చిన
చెల్లెలు