వీధిలో గేజీలన్నీ ఒక్కటే

అన్నయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఆ మాట నువ్వు నమ్మవని తెలుసు. అయినా రాయకపోతే ఏదో దాస్తున్నానని మొదట్లోనే పట్టేస్తావు. జైల్లో దోమలు తప్ప పలకరించేవాళ్లు లేరని రాశావు. చదివి నవ్వాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

అమ్మ మాత్రలు వేసుకుంటోందా అని అడిగావు. వేసుకుంటోంది, ప్రతి మాత్రకూ ముందు నన్ను నాలుగు తిట్టి మరీ. మన టైర్ల షాపు షట్టరుకు పోలీసులు వేసిన సీలు అలాగే ఉంది.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి. టైర్లలో గాలి ఎంతుందో చూసే మన గేజీ ఇంట్లో మేకుకు వేలాడుతున్న నీ పాత చొక్కా జేబులోనే దొరికింది. పోలీసులు షాపులో కంప్రెసరు దాకా వెతికారు గానీ ఇంట్లో ఈ జేబు చూడలేదు. నువ్వు రాసినట్టే చేశాను. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, ఎదురు షాపు బాబాయి చేత ఒక టైరుకు గాలి కొట్టించి మన గేజీతో చూశాను. తర్వాత అదే టైరును బాబాయి గేజీతో, మూల షాపువాళ్ల గేజీతో, ఇంకా ఎవరు ఇస్తే వాళ్ల గేజీతో చూశాను. అన్నీ ఒకటే అంకె! నడివీధిలో ఎగిరి గంతేశాను. ఆ వ్యానుకు నువ్వు సరిగ్గానే గాలి కొట్టావనీ, టైరు పాతదై పేలిందనీ, డ్రైవరు చావులో నీ తప్పు లేదనీ తేలిపోయినట్టే అనుకున్నాను. అమ్మ అప్పుడే నీ మంచం ఎండలో వేసి దులిపింది.

వకీలు మాత్రం, "బయటివాళ్లు కూడా ఒక మాట చెబితే గట్టిగా ఉంటుందమ్మా," అన్నాడు. గేజీని బస్సు డిపోకి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్కు గేజీని తిప్పి తిప్పి చూసి, "మీ వీధిలో ఎవరైనా కొత్త గేజీ కొంటే ఏం చేస్తారు?" అని అడిగాడు.

"మా అన్నయ్య దగ్గరికే తెస్తారు. మా గేజీ చూసి ముల్లు సరిచేసి ఇస్తాడు," అన్నాను గొప్పగా. అనేశాక గానీ వెలగలేదు, వీధిలో గేజీలన్నీ మన గేజీని చూసి సరిచేసినవేనని.

అన్నీ ఒకే తానులో ముక్కలు అన్నయ్యా. డిపోలో అన్నిటినీ సరిచూసే పెద్ద గేజీ ఎనభై చూపించిన చోట మనది అరవై అయిదే చూపించింది. అరవై అయిదు పాయింట్లనుకుని నువ్వు ఎనభై కొట్టావు. మన గేజీ ఎప్పుడు తప్పిందో నీకూ తెలియదు. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను గానీ వినేవాళ్లెవరు?

"నేనేం చూడలేదులే, తీసుకుపో," అన్నాడు మెకానిక్కు. ఎవరికీ చెప్పకూడదని నా మీద నేనే ఒట్టు పెట్టుకుని వీధిలోకి వచ్చాను. మిగతాది రాయడానికి చెయ్యి రావడం లేదు.

బాబాయి స్కూలు వ్యానుకు గాలి కొడుతున్నాడు. లోపల పిల్లలు కిటికీలకు అతుక్కుని ఒకటే గోల. చూడనట్టు దాటిపోదామనుకున్నాను. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాను. "బాబాయ్, ఆపు! మన గేజీలన్నీ తప్పు!" అని అరిచేశాను.

సాయంత్రానికల్లా వీధంతా తెలిసింది, మర్నాడు పోలీసులకూ తెలిసింది. వచ్చి గేజీ పట్టుకుపోయారు. "నోరు మూసుకుని ఉంటే మీ అన్న ఇంటికొచ్చేవాడు కదే పిచ్చిదానా," అని బాబాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. శిక్ష తగ్గించమని బతిమాలడం తప్ప ఇక చేసేదేమీ లేదని వకీలు చెప్పేశాడు.

అమ్మకు ఇంకా చెప్పలేదు. నువ్వెప్పుడొస్తావని అడుగుతోంది. వకీలును అడగాలి అంటున్నాను.

నా చోట నువ్వున్నా అరిచేవాడివేనని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ అరిచింది నేను, లోపలున్నది నువ్వు. తిట్టాలనిపిస్తే నోరారా తిట్టి రాయి. రాయడం మాత్రం మానకు.

ఇట్లు,
నీ జవాబుకు భయపడుతూనే ఎదురుచూసే
నీ చెల్లెలు