రెండు కంపెనీల పేరున అర్చన

అల్వాల్, గురువారం

సంతకాలైపోయాయి బిడ్డా! పొద్దున్నే టీవీలో చూశాను. సంతబండి పెద్దాయన, మీ నీలాంబర క్లౌడ్ పెద్దాయన నవ్వుకుంటూ చేతులు కలిపారు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మీ అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చి, "ఏందయ్యా, మ్యాచ్ గెలిచిన్రా?" అన్నది. "మన కల్ప గెలిచిందే!" అన్నాను.

చిరంజీవి కల్పలతకు నాన్న వీరయ్య వెయ్యి దీవెనలు. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం, అమ్మ మోకాలొక్కటే బాగాలేదు. బెంగళూరులో నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరానికి జవాబులు. బీపీ మందు వేసుకుంటున్నాను. ఆఫీసు సంగతులు ఫోన్లో వద్దన్నావు కనుక స్పీడ్ పోస్టులోనే పంపుతున్నాను. నీ పని నాకు అర్థమైందా అని అడిగావు. ఏడో తరగతి వాణ్ణే గానీ అర్థమైంది. సంతబండి ఆన్‌లైన్‌లో చీరల నుంచి చీపుర్ల దాకా అమ్మే అంగడి. మీది పెద్ద పెద్ద కంప్యూటర్లు పెట్టి అద్దెకిచ్చే కంపెనీ. పండుగ ముందు లక్షల మంది ఒక్కసారే ఎగబడ్డా ఆ అంగడి ఆగిపోకుండా మీరు చూసుకుంటారు, బదులుగా వాళ్లు ఇంకో కంపెనీ దగ్గరికి పోరు. సరిగ్గానే చెప్పానా?

ఇక చివరి ప్రశ్న. "నాన్నా, ఎవరికైనా చెప్పినవా?" ఫోన్లో రెండుసార్లు అడిగావు. నోరు కుట్టేసుకున్నానన్నాను. ఉత్తరంలో మళ్లీ అడిగావు. సంతకాలు బుధవారమని ముందే పేపర్లో పడి పని నెల వెనక్కి పోయిందనీ, అనుమానంతో నీ పక్క సీటు అక్సాను ఇంట్లో కూర్చోబెట్టారనీ, సోమవారం విచారణ అనీ రాశావు. ఆ ముక్క పదిసార్లు చదివాను.

చెప్పాను బిడ్డా.

పోయిన నెల సంకటహర చతుర్థి నాడు మన కాలనీ వినాయకుడి గుడికి పోయాను. నీ పని గట్టెక్కాలని అర్చన చేయించాను. పంతులుగారు పేర్లడిగారు.

"సంతబండి, నీలాంబర క్లౌడ్" అన్నాను.

"గివేం పేర్లు వీరయ్యా? పిల్లాపిలగాడా?"

"కంపెనీలు పంతులుగారూ. చెయ్యి కలుపుతున్నయి. మా బిడ్డనే కుదురుస్తున్నది. బుధవారం సంతకాలు."

"మరి గోత్రం?"

"వాటికేం గోత్రం ఉంటది! మాదే చదువున్రి."

దేవుడికి చెబితే చెప్పినట్టు కాదనుకున్నాను. పంతులుగారి కండువాకు మైకు ఉన్నది. నా మాటలన్నీ బయట చెప్పుల స్టాండు దాకా వినబడ్డాయట. వరుసలో సగం మంది మెడల్లో ఆఫీసు కార్డులే. ఒకాయన, "అంకుల్, పెండ్లికి మమ్మల్ని సుత పిలువున్రి" అని నవ్వాడు. నేనూ నవ్వాను! మూడో రోజు పేపర్లో బుధవారం అని చూసి, ఆ పేపరు మడిచి పరుపు కింద దాచాను.

ఎందుకు దాచానంటే, ఆఫీసు రహస్యం ఇంట్లో చెప్పినందుకు నీ ఉద్యోగానికి ఎసరొస్తుందని. నా బిడ్డను కాపాడుకోవాలని ఇంకొకరి బిడ్డను దొంగను చేశాను. ఆ అక్సా దసరాకు నీతో వచ్చినప్పుడు, వద్దంటున్నా అమ్మ మోకాలికి నూనె రాసింది. పొద్దున చప్పట్లు కొట్టిన చేతులే, ఆ పిల్ల గుర్తొచ్చేసరికి ఆగిపోయాయి.

ఈ ఉత్తరం సోమవారం లోపల, విచారణ చేసే మీ నీహారిక మేడమ్ చేతికివ్వు. నోటి మాట మీవాళ్లకు చాలదు కదా, అందుకే సంతకం పెట్టాను. పంతులుగారి దగ్గరికి పోయి ఆయన చేత కూడా పెట్టించాను. "నా మైకు తప్పు సుత రాయి వీరయ్యా" అన్నారు. నిన్ను ఏమన్నా అంటే ఫోన్ చెయ్యి, రైలెక్కి వచ్చి ఆ మేడమ్ ముందు నేనే నిలబడతాను.

ఇట్లు,
నిన్ను చూసి మురిసిపోతూనే నీతో అబద్ధమాడిన నాన్న,
వీరయ్య

సాక్షి: సత్యదేవ్ శర్మ, అర్చకులు

తా.క. సంతకాలైన సంగతి చెప్పవలసినవాళ్లు: అందరికంటే ముందు అక్సా, తర్వాత వాళ్ల అమ్మానాన్న. వాళ్లకు నా తప్పు కూడా చెప్పు. అంతవరకు మనవాళ్లెవరికీ వద్దు. ఆ తర్వాత బొల్లారం చిన్నాయన తిరుమల్, కాప్రా మేనత్త, మంచిర్యాల పెద్దనాయన, రాధిక వదిన. కాలనీవాళ్లకు చెప్పనక్కర్లేదు, వాళ్లకు ముందే తెలుసు.