వెనక్కి వేరు, తిరిగి వేరు

మార్చి 3, సోమవారం

నా మీద అభియోగం ఇది: కోడ్ ఒక్క లైన్ రాయకుండా, కామాలు దిద్ది పేరు కొట్టేయాలని చూస్తున్నాను. మోపినవాడు కోడింగ్ క్లబ్‌లోని గడ్డం సీనియర్. క్యాంపస్ అంతా వాడే టెక్స్ట్ ఎడిటర్‌నూ, దాని హెల్ప్ పేజీనీ రాసింది ఆయనే. డిబేట్ పిల్లకు ఇక్కడేం పని తల్లీ, మైకు పక్క బిల్డింగులో ఉంది అని అందరూ వినేలా అన్నాడు. శుక్రవారం కొత్త వెర్షన్ విడుదల. ఆయన పేజీయా, నేను తిరగరాసిన పేజీయా, క్లబ్ ఆ రోజే ఓటు వేస్తుంది.

వేయనీ. జవాబు నా దగ్గరుంది.

మార్చి 4, ఉదయం 7

ఫంక్షన్ అంటే కోడ్‌లో ఒక పని చేసే, పేరున్న ముక్క. ఆ పేరు మీద కర్సర్ పెట్టి మీట నొక్కితే, ఆ ఫంక్షన్ రాసి ఉన్న చోటికి తీసుకెళ్ళే కమాండ్ ఒకటుంది. దానికి ఆయన పదకొండు వాక్యాల ఉపోద్ఘాతం రాశాడు. ఏ మీటో చెప్పేది పన్నెండో వాక్యం. పదకొండూ కొట్టేశాను. డిబేట్ ఫైనల్స్ గెలిచిన రోజు కూడా ఇంత హుషారు లేదు.

మార్చి 5, ఉదయం

అక్క నర్సు. కోడ్ ముఖం ఎరగదు. నా పేజీ చేతికిచ్చి కూర్చోబెట్టాను. వెళ్ళడం చక్కగా వెళ్ళింది. బయల్దేరిన చోటికి రావడానికి, పేజీలో ‘వెనక్కి’ అని ఉన్న మీట నొక్కింది. కర్సర్ అదే ఫైల్లో పైనున్న మరో ఫంక్షన్ మీద వాలింది. ఇదెక్కడ దింపావే, ఇది మన వీధి కాదు అంది. తప్పు మీట నొక్కావని పది నిమిషాలు వాదించాను. నువ్వు రాసిందే నొక్కాను కదే, చదువుకో అంది.

చదివాను. రెండు కమాండ్లకూ నేను ‘వెనక్కి’ అనే రాశాను. సీనియర్ పాత పేజీలో ఒకటి ‘పై ఫంక్షన్‌కు’, మరొకటి ‘బయల్దేరిన చోటికి’. పొందికగా ఉంటుందని రెంటికీ ఒకే మాట పెట్టింది నేనే.

మార్చి 5, మధ్యాహ్నం 3

‘పైకి’. ‘తిరిగి’. రెండు మాటలు చాలు.

మార్చి 6

తప్పు సీనియర్‌కు చెప్పాను. మీటలు నొక్కి చూశావా అని అడిగాడు. లేదన్నాను. నేనన్నది అదేనమ్మా, కామాల గొడవ కాదు అన్నాడు. అక్కడే కూర్చుని పేజీలోని పంతొమ్మిది కమాండ్లూ నొక్కాను. ఆయన పేజీలోని మూడింటికి అసలు మీటే లేదు. పాత వెర్షన్లోనే తీసేశారు. గడ్డం గోక్కుంటూ, నువ్వు లేకపోతే హాయిగా ఉండేది తల్లీ అన్నాడు. ఎంత సంతోషమో.

మార్చి 7, సభకు పది నిమిషాల ముందు

చెప్పవలసింది ఇంతే: అభియోగంలో సగం నిజం, మీట నొక్కి చూడకుండానే రాశాను, ఒప్పుకుంటున్నాను. ఓటు అడగను. మీలో ఒకరు లేచి రండి. రెండు పేజీలూ చేత పట్టుకుని ఎడిటర్‌లో ఒక ఫంక్షన్ దాకా వెళ్ళండి. ఏది మిమ్మల్ని తిరిగి తీసుకొస్తుందో దానికే చెయ్యెత్తండి.